మడతబందు కింద గీత

నంద్యాల
12 జూన్ 2024

మామకు నౌషీన్ సలాం.

ఇంట్లో అందరం బాగుండాం. అమ్మ మోకాళ్ళు ఎప్పటి మాదిరే. నీకు ఫోన్ చేస్తే వినపడదు. నీ కోడలికి చెప్దామంటే, షబ్నమ్ అక్క నీ చెవిలో అరిచేసరికి సగం మాట మారిపోతాది. అందుకే ఉత్తరం. నువ్వు కాయితం మీద అయితే ఒక్క అక్షరం కూడా వదలకుండా చదువుతావని నాకు తెలుసు.

మామా, నేను సైకిలు కొన్నా. మామూలు సైకిలు కాదు, మడత సైకిలు.

ల్యాబులో నా పని నీకు తెలిసిందే కదా. పొద్దున్నే ఈడ బస్సెక్కి బనగానపల్లెలో దిగుతా. ఆడి నుంచి నందవరం, ఇంకా లోపలి పల్లెలు తిరిగి రక్తం తీసుకోని మధ్యాహ్నానికి నంద్యాల చేరాల. షేర్ ఆటో నిండే దాంక కూర్చుంటే డబ్బాలో ఐసు కరుగుతాది. ఐసు కరిగితే రక్తం చెడుతాది, మళ్ళీ పోయి ఆ ముసలోళ్ళకు రెండోసారి సూది పొడవాల. ఎండాకాలమంతా ఇదే గోల. ఇప్పుడు బస్సు దిగి, సైకిలు విప్పి, నా దారిన నేను పోతాండా.

నీకైతే వివరంగా చెప్పాల. చక్రాలు ఇరవై అంగుళాలు. ఒళ్ళంతా అల్యూమినియం. నడిమిట్ల ఒక మడతబందు, దానికి గడియ. హ్యాండిల్ కడ్డీ పొడుగ్గా ఉంటాది, దాని కింద ఇంకో మడతబందు. పెడల్లు కూడా మడుస్తాయి. సీటు కిందికి దిగుతాది. అంతా కలిపి మన పెద్ద సూట్‌కేసంత అవుతాది. మొదటి రోజు కండక్టరు సైకిలు ఎక్కించేది లేదన్నాడు. నేను ఆయన ముందరే మడిచినా. డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, ఇంకోసారి విప్పి మడువమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి వెనక సీటు పక్కన దాని జాగా దానిది.

బెల్లు వేయించినా. వెనక ఎర్రలైటు పెట్టినా. అమ్మ పాత గొడుగు గుడ్డతో సీటుకు తొడుగు కుట్టింది. ఇంకా టైర్లు మార్చాల, క్యారియర్ పెట్టాల. ఏ టైరు అయితే మన కంకర దారికి ఆగుతాదో నువ్వే చెప్పాల. నలభై ఏండ్లు సైకిల్ షాపు నడిపిన మామను పెట్టుకోని నేను ఇంకెవరిని అడగాల?

నాయన మటుకు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగినాడు. ఎడమ చేత్తో బ్రేకు నొక్కి చూసినాడు. అంగడికి టైమైందని పోయినాడు. పక్కింటి జానకమ్మ మాత్రం ముప్పై ఏండ్లు వచ్చే పిల్ల సైకిలెక్కి ఊర్లు తిరిగేదేందని అమ్మను అడిగిందంట. అమ్మ, ముందు మా అన్నకు రాయి, అందరికన్నా వాడే సంతోషపడతాడు అని చెప్పింది.

నీ జాబు కోసం రోజూ చూస్తాంటా.
నౌషీన్


ఆళ్లగడ్డ
18 జూన్ 2024

నౌషీన్ బిడ్డకు మామ రాసేది.

జాబు అందింది. నిన్న బక్రీద్ పండగ బాగా జరిగింది. షబ్నమ్ మీకు కూడా ఒక వాటా పక్కన పెట్టింది, పంపేదానికి మనిషి దొరకలేదు.

సైకిలు సంగతి. సైకిలు అంటే ఒంటి ముక్కగా ఉండాల. ఈ మడిచేవి నేను కూడా చూసినా. రెండేండ్ల కిందట ఒగాయన అహోబిలం పోతా నా షాపు ముందర ఆపి గాలి కొట్టించుకున్నాడు. చూసేదానికి బాగుండాది. కానీ కోసి బందు పెట్టిన జాగాలోనే బరువంతా పడతాది. అది నీకు పనికొచ్చే బండి కాదు. అంగడోడు వాపసు తీసుకుంటే ఇచ్చేయ్. తీసుకోకుంటే ఎవరికైనా అమ్మేయ్. ఇన్నాళ్ళు ఆటోలో పోయినావు, ఇప్పుడు పోతే ఏమవుతాది.

ఇచ్చేదాంక ఎక్కేటట్లయితే గాలి మటుకు గట్టిగా పెట్టు. చిన్న చక్రానికి గాలి తగ్గితే రిమ్ము పోతాది. చైనుకు మడ్డి నూనె వేయొద్దు, దుమ్ము పడతాది. హ్యాండిల్ మీద ఏ బరువూ తగిలించొద్దు. కూరల సంచి కూడా వద్దు.

మీ నాయన సలీంను దాన్ని ఎక్కనీయొద్దు.

మైమూనాను మోకాళ్ళకు నువ్వుల నూనె రాసుకోమను.

ఇట్లు
ఖాదర్ బాషా


నంద్యాల
25 జూన్ 2024

మామకు,

నీ జాబు అమ్మకు చదివి వినిపించినా. అమ్మ నమ్మలేదు. ఇది వాడు రాసింది కాదు, షబ్నమ్‌తో రాయించినట్లుండాడు అనింది. అక్షరాలు నీవే అని నేను చూపించినా.

ఇచ్చేది లేదు మామా. కోపం తెచ్చుకోవద్దు. ఈ రెండు వారాల్లో ఒక్క శాంపిల్ కూడా చెడలేదు. మా ల్యాబులో ప్రేమకుమారి మేడం నన్ను పిలిచి మరీ చెప్పింది. నందవరంలో రంగమ్మ అని ఒకామె ఉండాది, చక్కెర జబ్బు, కాలికి పుండు. వారం వారం రక్తం తీయాల. ఇంతకుముందు నేను పోయేసరికి పదకొండు అయ్యేది. అంతవరకు ఆమె ఏమీ తినకుండా పడుకోని ఉండేది. ఇప్పుడు ఏడున్నరకే పోతాండా. నా బెల్లు వినపడితే కోడలికి పొయ్యి మీద ఎసరు పెట్టమని చెప్తాదంట. ఇది చిన్న సంగతి అనుకోవద్దు.

టైర్లు మార్పించినా, లావు గట్లు ఉన్నవి. చేతుల కింద మెత్తటి తొడుగులు వేయించినా. వెనక ఏడు వరుసల పళ్ళ చక్రం పెట్టించి గేరు కూడా బాగు చేయించినా, ఇప్పుడు ఎగువ దారిలో దిగి నడిచే పని లేదు. అన్నిటికన్నా మంచిది ముందర డబ్బా. హ్యాండిల్ కడ్డీకి ఒక బిగింపు ఉంటాది, దానికి ఐసు డబ్బాను తగిలిస్తే చాలు, గట్టిగా పట్టుకుంటాది. దిగినప్పుడు ఒక్క గుండీ నొక్కితే ఊడొస్తాది. హ్యాండిల్ మీద బరువు వద్దన్నావు, కానీ ఇది హ్యాండిల్ మీద కాదు, కడ్డీ మీద. ఐసుతో కలిపి ఆరేడు కేజీలు, అంతే.

ఎగువ ఎక్కేటప్పుడు మాత్రం టిక్కు టిక్కుమని ఒక చప్పుడు వస్తాంది. కొత్తది కదా, నూనె వేస్తే పోతాదిలే అనుకుంటాండా.

మామా, నాకు సైకిలు నేర్పిందే నువ్వు. సెలవులకు ఆళ్లగడ్డ వస్తే నీ షాపులో చిన్న బాడుగ సైకిలు నాకని పక్కన పెట్టేవాడివి. సీటు వెనక పట్టుకోని వీధి చివర దాంక పరిగెత్తేవాడివి. ఇప్పుడు ఎందుకు వద్దంటాండావో నాకు అర్థం కాలేదు.

నౌషీన్


ఆళ్లగడ్డ
30 జూన్ 2024

నౌషీన్‌కు,

నీ జాబు నిన్న వచ్చింది. చదివిన కాడి నుంచి మనసు మనసులో లేదు.

ఆ చప్పుడు ఏందీ. నడిమిట్ల నుంచి వస్తాందా, హ్యాండిల్ కింద నుంచి వస్తాందా. పెడల్ తొక్కితే వస్తాందా, హ్యాండిల్ లాగితే వస్తాందా. ముందు బ్రేకు గట్టిగా పట్టుకోని సైకిలును ముందుకూ వెనక్కీ ఊపి చూడు. కడ్డీ అడుగున చేతికి కదలిక తగిలితే మళ్ళా ఎక్కొద్దు. నూనెతో పోయే చప్పుడు వేరే, ఇది వేరే. ఆ డబ్బా వెంటనే తీసేయ్.

జవాబు వచ్చేదాంక ఆ బండి ఎక్కొద్దు. ఇంట్లో పెట్టు. రేపు పెండ్లి కావాల్సిన పిల్లవు. మూతి మీద పడితే పండ్లు రాలుతాయి. ముఖం పోతే ఎవరు చూస్తారు.

బేగా రాయి. ఈ జాబు చదివిన రోజే రాయి.

ఖాదర్ బాషా


నంద్యాల
6 జూలై 2024

మామకు,

నువ్వూ జానకమ్మ మాటే మాట్లాడినావు. పెండ్లి, ముఖం, పండ్లు. వేరే ఎవరైనా అనుంటే నవ్వి ఊరుకునేదాన్ని. నువ్వు రాసేసరికి ఆ కాయితం మడిచి పెట్టేసినా, అమ్మకు చదవలేదు. మా అన్న ఏమన్నాడు అని అమ్మ అడిగితే బాగున్నాడంట అని చెప్పినా.

ఆడపిల్ల సైకిలెక్కితే నీకు కూడా నామోషీ అని నాకు తెలీదు. తెలిసుంటే మొదట్లోనే రాసేదాన్ని కాదు. నువ్వు నేర్పింది పన్నెండేండ్ల పిల్లకు, ఇరవై తొమ్మిదేండ్ల దానికి కాదు అంటావేమో. సరే.

చప్పుడు సంగతికి వస్తే, ఈడ టెక్కె దగ్గర ఒక వెల్డింగ్ ఆయన ఉండాడు. కడ్డీ అడుగున ఒక చుక్క అతుకు పెడితే కదలకుండా కూచుంటాది అని చెప్పినాడు. రేపో మాపో పోయి పెట్టించుకుంటా. నా పని నేను మానేది లేదు.

ఇంక ఈ సైకిలు గురించి నీకు రాయను. మీ అందరి ఆరోగ్యం రాయి. షబ్నమ్ అక్కను అడిగినానని చెప్పు.

నౌషీన్


ఆళ్లగడ్డ
10 జూలై 2024

బిడ్డా,

వెల్డింగ్ పెట్టించొద్దు. ఈ ఒక్క మాట విను, మిగతావి వినకున్నా పర్వాలేదు.

అది ఇనుము కాదు, అల్యూమినియం. సెగ తగిలితే అతుకు పక్కన మెత్తబడతాది. పైకి గట్టిగా కనపడతాది, లోపల సత్తువ పోతాది. నెల ఆగుతాది, రెండు నెలలు ఆగుతాది, ఒగ రోజు ఒగేసారి పోతాది. చెప్పి పోదు. ముందర బరువు పెట్టుకోని దిగుడు దారిలో ఉండగా పోతే నీ చేతిలో హ్యాండిల్ ఉంటాది, కింద బండి ఉండదు.

నేను చెప్పినట్లు చేయి. కడ్డీ అడుగున, మడతబందు కింద, సబ్బు నీళ్ళతో కడిగి తుడువు. బాగా ఆరినాక కిరసనాయిలు పూయి. ఇప్పుడు కిరసనాయిలు దొరకదు, డీజిల్ అయినా సరే. పావుగంట ఆగి పొడి గుడ్డతో గట్టిగా తుడిచేయ్. దాని మీద సుద్దపొడి అద్దు. సుద్ద లేకుంటే ముఖానికి వేసే పౌడరు అద్దు. ఒగ గంట చూడు. తెల్లగా ఉంటే ఏమీ లేదు, ఎక్కి పో, నేను అడ్డం రాను. వెంట్రుక మాదిరి తడి గీత కనపడిందంటే లోపల చీలిక ఉండాది, నూనె దాంట్లో నుంచి బయటికి వస్తాంది. అప్పుడు ఆ కడ్డీ పారేయాల. అతుకు లేదు, రంగు లేదు, పారేయడమే.

నామోషీ అని నేను రాయలేదు. రాసింది తప్పుగా రాసినా. నాకు వేరే మాట రాయడం చేతకాక అట్ల రాసినా.

చూసి వెంటనే జవాబు రాయి. రెండు మాటలు చాలు. గీత ఉండాది, లేదా లేదు.

మామ


ఆళ్లగడ్డ
17 జూలై 2024

నౌషీన్‌కు,

వారం అయింది. జవాబు లేదు. పోస్టాయన మా వీధికి వచ్చే యాలకు నేను గేటు కాడ ఉంటాండా. ఆయన దూరం నుంచే చెయ్యి ఊపి లేదంటాడు.

నిన్న షబ్నమ్‌తో ఫోన్ చేయించినా. నీ ఫోన్ కలవలేదు. మైమూనాకు చేసింది. తరవాత నా చెవిలో చెప్పింది, నౌషీన్ శ్రీశైలం పోయింది, క్యాంపు, పది రోజులంట, సైకిలు కూడా తీసుకపోయిందంట అని. నేను ఇంకోసారి అడిగినా. ఇంకోసారి అదే చెప్పింది.

నేను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదో చెప్తా విను. ఇరవై ఆరేండ్ల కిందట మీ నాయన కర్నూలు ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు, ఆయన తల్లికి మేమందరం చెప్పిన మాట ఇదే. సలీం శ్రీశైలం డ్యాం పనికి పోయినాడు, పది రోజులకు వస్తాడు అని. ఆ మాట అనింది మీ అమ్మ. పక్కన నిలబడి తల ఊపింది నేను. ఇప్పుడు అదే ఊరు, అవే పది రోజులు. నువ్వు యాడో ఆస్పత్రిలో ఉండావని, నాకు చెప్పకుండా దాచిపెడతాండారని నా భయం. రెండుసార్లు బస్టాండు దాంక పోయినా. నంద్యాల బస్సు ముందర నిలబడి వెనక్కి వచ్చినా. మీ ఇంటి గడప తొక్కేదానికి నాకు మొహం లేదు. అంగడి వదిలి రాలేనని, చెవులు వినపడవని ఇన్నేండ్లు చెప్పింది అంతా సాకు.

ఇంక దాచను. నువ్వు బాగుంటే ఇది చదువు. బాగలేకుంటే ఎవరైనా చదివి వినిపించండి.

మీ నాయన అప్పుడు ఈడే ఆళ్లగడ్డలో టైలరు. ఊర్లో మొదటి టైలరు అనుకో. నీకు మూడేండ్లు. రంజాన్ ముందర ఆయన సైకిలు నా కాడికి సర్వీసుకు వచ్చింది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తీసి కిరసనాయిలుతో కడిగినా. మెడ కింద ఒగ గీత కనపడింది. సుద్దపొడి అద్ది చూసినా. గీతే. పండగ రద్దీ, అంగడి నిండా సైకిళ్ళు. కొత్త ఫోర్కు కర్నూలు నుంచి తెప్పించాల, నాలుగు రోజులు పడతాది. ఆ నాలుగు రోజులు సైకిలు లేకుంటే సలీం పండగ గుడ్డలు ఊర్లకు ఇచ్చి రాలేడు. ఆగుతాదిలే అనుకున్నా. ఆయన చూసి దిగులు పడకుండా దాని మీద నల్లరంగు పూసినా. పండగైనాక మారుస్తామనుకున్నా.

మూడో రోజు చాగలమర్రి దారిలో వంక కాడ దిగుడులో ఆయన పడిపోయినాడు. కబురు తెలిసి ముందు పోయింది నేనే. ఆయన్ను జీపులో ఎక్కించినాక సైకిలు చూసినా. ఫోర్కు నేను రంగు పూసిన కాడే తెగింది. తెగిన ముక్కలు రెండూ సంచిలో వేసుకోని వచ్చి పాత ఇనుములో కలిపేసినా.

కుడి మోచెయ్యి మూడు ముక్కలైంది. మళ్ళా చాపేదానికి రాలేదు. ఆ చెయ్యితో కత్తెర పట్టేది లేదు. ఊరు వదిలి నంద్యాలలో గుండీలు, దారాలు అమ్ముకునే పనికి పోయినాడు. ఆస్పత్రిలో కండ్లు తెరిచినప్పుడు, బర్రె అడ్డం వచ్చింది అని చెప్పినాడు. బర్రె లేదు బిడ్డా. నన్ను కాపాడేదానికే ఆ మాట చెప్పినాడని ఇన్నేండ్లు అనుకుంటాండా. ఆయన నన్ను ఏమీ అడగలేదు. నేను ఏమీ చెప్పలేదు.

నీ సైకిలు మీద నాకు కోపం లేదు. నువ్వు ఎక్కితే నాకు నామోషీ లేదు. టిక్కుమని చప్పుడు అని నువ్వు రాసినావు, అది నాకు ఈ వినపడని చెవుల్లో వినపడతాంది.

యాడ ఉండావో రాయి.

ఖాదర్ బాషా


నంద్యాల
22 జూలై 2024

మామకు,

మొదట ఇది చదువు. నాకు ఏమీ కాలేదు. నేను నిజంగానే శ్రీశైలం పోయినా. డ్యాం దగ్గర పనిచేసేవాళ్ళకు రక్తపరీక్షల క్యాంపు, మా ల్యాబు నుంచి ముగ్గురం పోయినాం. పదకొండో తేదీ పోయి మొన్న శనివారం వచ్చినా. అక్కడ నా ఫోన్‌కు సిగ్నల్ సరిగా రాలేదు. వచ్చేసరికి నీ జాబులు రెండూ బల్ల మీద ఉన్నాయి.

వెల్డింగ్ పెట్టించలేదు. నేను పోయిన రెండు రోజులూ ఆ ఆయన అంగడి మూసి ఉండె. అందుకని సైకిలు అట్లే తీసుకపోయినా. మాకు ఇచ్చిన గదుల నుంచి క్యాంపుకు అంతా దిగుడే. మూడు రోజులు డబ్బా పెట్టుకోని దిగినా. నాలుగో రోజు చప్పుడు మారింది, టిక్కుమనేది కరకరమనింది. నాకు నీ మీద ఇంకా కోపమే ఉండె. కానీ ఆ దిగుడు మొదట్లో నిలబడుకోని, నువ్వు జూన్ జాబులో రాసినట్లు ముందు బ్రేకు పట్టి ఊపి చూసినా. చేతికి కదలిక తగిలింది. మళ్ళా ఎక్కలేదు. మిగతా రోజులు తోసుకుంటా నడిచినా. రక్తం తీసేది మంజుల అని ఇంకో అమ్మాయి ఉండె, ఆమె నవ్వింది. నేను కూడా నవ్వినా.

శనివారం నీ పదో తేదీ జాబు చదివి, పక్కింటి వాళ్ళ ట్రాక్టరు నుంచి చెంచాడు డీజిల్ తెచ్చి నువ్వు చెప్పినట్లు చేసినా. అమ్మ పౌడరు డబ్బా తెచ్చింది. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు మామా. మడతబందు కింద, ముందు వైపు, రెండు గోళ్ళంత గీత వచ్చింది. అమ్మ, ఏందీ ఆ వెంట్రుక, తుడువు అనింది. తుడిస్తే పోలేదు.

కాసేపు గడప మీద కూర్చున్నా. ఆ తర్వాతే నీ రెండో జాబు తెరిచినా.

నాయన అంగడి నుంచి అన్నానికి వచ్చినాడు. నేను ఏడుస్తాంటే ఏమైందని అడిగినాడు. దాచేదానికి నాకు చేతకాలేదు. ఇన్నేండ్లు దాచింది చాలు అనిపించింది. చదివి వినిపించినా. అమ్మ మధ్యలో లేచి వంటింట్లోకి పోయింది. నాయన కదలకుండా విన్నాడు. రంగు పూసినా అన్న కాడ ఆపమన్నాడు. ఆ నాలుగు వరుసలు మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదవమన్నాడు. తర్వాత, "ఫోర్కు తెగిందని నాకు తెలుసు. బావ గీతను ముందే చూసినాడని తెలీదు" అన్నాడు. అంతే. అన్నం ముట్టకుండా అంగడికి పోయినాడు.

ఈ పొద్దు పొద్దున చొక్కా వేసుకుంటా అమ్మకు చెప్పినాడు, శుక్రవారం ఆళ్లగడ్డ పోతాండానని. నేనూ వస్తా అంటే వద్దన్నాడు. ఏమంటాడో, ఏం చేస్తాడో నాకు తెలీదు. అమ్మకూ తెలీదు. ఆయన కోపం పడి నేను చూసింది లేదు, అందుకే ఎక్కువ భయంగా ఉండాది.

నీ మీద నాకు కోపం ఉండాదా అని నువ్వు అడగలేదు. నన్ను నేనే అడుగుతాండా. నువ్వు రాసిన జాబుల వల్ల నేను ఆ దిగుడు మొదట్లోనే ఆగినా, బతికినా. నువ్వు పూసిన రంగు వల్ల నాయన చెయ్యి పోయింది. రెండూ ఒక్క మనిషి చేసినవే. ఇంకా నాకు సరిగా తెలియడం లేదు. ఆడపిల్లవని వద్దన్నావని నేను రాసిన మాటలు మటుకు వాపసు తీసుకుంటాండా.

శుక్రవారం నువ్వు యాడికీ పోవద్దు.

నౌషీన్


ఆళ్లగడ్డ
29 జూలై 2024

నౌషీన్ బిడ్డకు,

నీ జాబు గురువారం అందింది. నువ్వు బాగుండావన్న వరుస కాడ ఆగి, షబ్నమ్‌ను పిలిచి నిజమేనా అని ఆమెతో కూడా చదివించినా. అల్లా దయ.

ముందు బండి పని చెప్తా. కడ్డీ కంపెనీ వాళ్ళ కాడ కొత్తది తెప్పించు. వేరే కంపెనీది దొరుకుతాదని పెట్టించొద్దు, కొలత రవ్వ తేడా ఉన్నా మళ్ళా అదే కథ. డబ్బాను వెనక క్యారియర్ మీదికి మార్చు. కడ్డీ బిగించేటప్పుడు గ్రీజు బందుకు పెట్టు, గడియకు పెట్టొద్దు. నెలకొకసారి పౌడరు అద్ది చూడు. రంగమ్మ కాడికి ఏడున్నరకే పో.

ఇంక శుక్రవారం.

అంగడి సగం తెరిచి కూర్చున్నా. పదిన్నర బస్సుకు వచ్చినాడు. తెల్ల చొక్కా, చెయ్యి ఎప్పటి మాదిరి పొట్టకు ఆనించుకోని. నన్ను చూసినాడు, సలాం చెప్పలేదు. స్టూలు లాక్కోని నా పక్కన కూర్చున్నాడు. కొట్టినా పడతామనుకున్నా. నిజానికి కొడితే బాగుండు అనుకున్నా.

నా చెవి కాడ నోరు పెట్టి అడిగినాడు.

"గీత ఎంత పొడుగుండె?"

బొటనవేలి గోరు చూపించి, దాంట్లో సగం అని చెప్పినా. ఆయన నా గోరు పట్టుకోని చూసినాడు. చానాసేపు చూసినాడు.

అప్పుడు చెప్పినాడు. ఆ పొద్దు ఆయన క్యారియర్ మీద రెండు కుట్టుమిషన్ల తలకాయలు కట్టినాడంట. చాగలమర్రిలో ఎవరికో ఇచ్చేదానికి. ఒగటే కట్టు అని మీ అమ్మ చెప్పిందంట. రెండుసార్లు ఎవరు తిరుగుతారని రెండూ కట్టినాడు. వంక దిగుడులో బ్రేకు పట్టకుండా వదిలేసినాడు, సంబరంగా ఉండిందంట. ఫోర్కు తెగింది. తన బరువుకే, తన దూకుడుకే తెగిందనుకున్నాడు. మైమూనా మాట వినలేదని తెలిస్తే జన్మంతా అంటాదని, బావ చేసిచ్చిన బండిని మూడు రోజుల్లో పాడు చేసినానంటే నేను బాధపడతానని, బర్రె అని చెప్పినాడు. నన్ను కాపాడేదానికి కాదు బిడ్డా. ఇరవై ఆరేండ్లు ఆయన తన చెయ్యిని తానే పోగొట్టుకున్నానని అనుకుంటాండాడు. రోజూ గుండీల డబ్బా మూత ఎడమ చేత్తో తీసినప్పుడల్లా అదే అనుకుంటాండాడంట. నేను ఒగ మాట చెప్పుంటే ఆ బాధ ఆయనకు లేదు.

బాగున్న ఫోర్కు అయితే నాలుగు తలకాయలు కట్టినా తెగదు అని చెప్పినా. నా గొంతు ఎంత గట్టిగా పోయిందో నాకు తెలీదు, ఎదురు అంగడోళ్ళు తిరిగి చూసినారు. తెగింది నా గీత కాడ, నువ్వు చేసింది ఏమీ లేదు అన్నా. ఆయన లేచి బయటికి పోయినాడు. రోడ్డు అవతల శిల్పాలు చెక్కే షెడ్డు ముందర నిలబడినాడు. నేను ఈడ కూర్చోని చూస్తాండా. బస్సెక్కి పోతాడనుకున్నా. రెండు బస్సులు పోయినాయి. ఆయన ఎక్కలేదు.

నమాజు యాలకు వచ్చినాడు. ఇద్దరం కలిసే పోయినాము. ఇంటికి వచ్చినాక షబ్నమ్ అన్నం పెట్టింది. కలిపేదానికి ఆయనకు ఎడమ చెయ్యే కదా, తల వంచుకోని మెల్లగా తిన్నాడు. చేతులు కడుక్కోని, నాకు వినపడేటట్లు దగ్గరికి వచ్చి చెప్పినాడు.

"నాకు కోపం పోలేదు బావా. పోతాదో లేదో కూడా తెలీదు. పోయేదాంక వారం వారం వస్తాంటా."

రా అన్నా.

నాలుగు గంటల బస్సుకు పంపినా. ఆయన కిటికీ కాడ కూర్చున్నాడు, బస్సు కదిలే దాంక నా వైపే చూసినాడు. ఈ వారం శుక్రవారం రెండో తేదీ. ఆ పూట అంగడి తెరవను, షబ్నమ్‌కు చెప్పినా.

మామ